ఆ పాట ఎవరి పక్షం?

మెక్‌డొనాల్డ్స్ వాళ్లు హాంబర్గర్‌ని ఏం చేశారో, ఈయన ఆర్పెజియోని అదే చేశాడు... 1987 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ ప్రధాన సంగీత విమర్శకుడు డొనల్ హెనహన్ రాసిన మాటల సారం ఇది. ఆర్పెజియో అంటే కంగారు పడకండి. మూడు నాలుగు స్వరాలను ఒక్కసారిగా మోగించకుండా, మెట్లెక్కినట్టు ఒకదాని వెంట ఒకటి పలికించడం. ఒకే రుచి, ఒకే కొలత, ఎన్ని కావాలంటే అన్ని... అదీ ఎత్తిపొడుపు. అన్నవాడు సామాన్యుడేం కాదు. అంతకు ముందు ఏడాదే విమర్శకు పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు.

ఆ వాత పడింది జాన్ ఆడమ్స్‌కి. 1947లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టి, తండ్రి దగ్గర క్లారినెట్ నేర్చుకుని, హార్వర్డ్‌లో చదివి, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మనిషి. వాత పెట్టించిన ఒపేరా పేరు 'నిక్సన్ ఇన్ చైనా'. అది ఆయన మొట్టమొదటి ఒపేరా. హ్యూస్టన్ గ్రాండ్ ఒపేరాలో అక్టోబరు 22న తెర లేచింది.

ఒపేరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. మనకు పద్యానికీ పద్యానికీ మధ్య మాటలుంటాయి. వాళ్లకు చాలావరకు మాటలన్నీ పాటలే. మన దగ్గర నచ్చితే 'వన్స్‌మోర్' అంటాం. వాళ్ల దగ్గర నచ్చకపోతే 'బూ' అని అరిచే ఆచారం కూడా ఉంది. వందల ఏళ్లుగా ఒపేరాల్లో రాజులు, దేవతలు, క్షయ వ్యాధితో పాడుతూ పోయే నాయికలు ఉంటూ వచ్చారు. అలాంటి వేదిక మీదికి అమెరికా అధ్యక్షుడి విమానం దిగడమేమిటి? నిక్సన్, మావో, చౌ ఎన్‌లై, కిసింజర్ గొంతెత్తి పాడటమేమిటి? అదీ, పాత్రల్లో కొందరు ఇంకా బతికి ఉండగానే! 1972 ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్లిన సంగతి పదిహేనేళ్ల నాటి వార్త. దాన్ని పాటగా కట్టడం చాలామంది విమర్శకులకు టీవీ వార్తలకు ట్యూన్ కట్టినట్టు అనిపించింది. ఇలాంటివాటికి 'సీఎన్ఎన్ ఒపేరా' అని ఓ వెటకారం పేరు కూడా పుట్టింది.

దర్శకుడు పీటర్ సెల్లర్స్‌ది ఆ ఆలోచన. పాటలు రాసింది ఆలిస్ గుడ్‌మన్ అనే కవయిత్రి. నిక్సన్‌ని విలన్‌ని చేయలేదు, వీరుణ్నీ చేయలేదు. మూడో అంకంలో విందులూ కరచాలనాలూ అయిపోతాయి. ఇక్కడ నిక్సన్ దంపతులు, అక్కడ మావో దంపతులు, పక్కల మీద చేరి పాత రోజులు తలపోసుకుంటారు. చరిత్ర సృష్టించామని ప్రపంచానికి చాటిన మనుషులకు రాత్రి నిద్ర పట్టదు, అంతే. ఆ అంకంలో సంగీతం కూడా గొంతు తగ్గిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లలో కొందరు దీన్ని కథ ముందుకు సాగకపోవడంగా లెక్కేశారు. నాకైతే ఒపేరా మొత్తంలో మనసుకు పట్టేది అదే.

తర్వాత ఏమైంది? రికార్డింగ్‌కి గ్రామీ వచ్చింది. ఊరూరా, దేశదేశానా ఆడింది. 2011 ఫిబ్రవరిలో హెనహన్ ఊళ్లోనే, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో ఘనంగా గడప దాటింది. వాద్యబృందాన్ని నడిపింది స్వయానా ఆడమ్స్. హ్యూస్టన్‌లో నిక్సన్ వేషం కట్టిన జేమ్స్ మడలీనాయే ఇక్కడా నిక్సన్. 2023లో పారిస్ ఒపేరా కూడా వేదిక మీదికి తెచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ ఒపేరాల జాబితా ఎవరు రాసినా ఇప్పుడు అది లేకుండా రాయరు.

మార్నింగ్ షోకి ఫ్లాప్ టాక్, పాతికేళ్లకు క్లాసిక్. ఇది మన సినిమా అభిమానులకూ తెలిసిన కథే. ఆడమ్స్ కథ ఇంతే అయితే ఈ వారం ఆయన గురించి రాసే పనే లేదు. ఆయన రెండో ఒపేరా దగ్గర ఈ లెక్క తప్పింది. దాని మీద తగువు కాలంతో పాటు చల్లారలేదు సరికదా, ముదిరింది.

1985 అక్టోబరు 7. ఈజిప్టు తీరంలో 'అకిలే లారో' అనే ఇటలీ విహార నౌకను నలుగురు పాలస్తీనా మిలిటెంట్లు చెరపట్టారు. ప్రయాణికుల్లో లియోన్ క్లింగ్‌హాఫర్ అనే అరవై తొమ్మిదేళ్ల అమెరికన్ యూదుడున్నాడు. పక్షవాతంతో వీల్‌చైర్‌లో తిరిగే మనిషి. మర్నాడు ఆయన్ని కాల్చి చంపి, వీల్‌చైర్‌తో సహా సముద్రంలోకి తోయించారు. క్యాన్సర్‌తో బాధపడుతున్న భార్య మార్లిన్ కూడా అదే ఓడలో ఉంది. మరో నాలుగు నెలలకు ఆవిడా పోయింది. మిగిలింది ఇద్దరు కూతుళ్లు.

ఆడమ్స్, గుడ్‌మన్, సెల్లర్స్ ముగ్గురూ కలిసి ఈ ఘటన మీద 'ద డెత్ ఆఫ్ క్లింగ్‌హాఫర్' చేశారు. 1991 మార్చిలో బ్రసెల్స్‌లో మొదటి ప్రదర్శన. దాని కట్టడానికి నమూనా బాక్ స్వరపరిచిన 'ప్యాషన్'లు. అంటే ఏసుక్రీస్తు చివరి ఘడియలను కోరస్‌లతో, ఏకాంత గీతాలతో చెప్పే చర్చి సంగీతం. అందుకే ఇందులో సంభాషణ తక్కువ, తలపోత ఎక్కువ. మొదట్లోనే రెండు బృందగానాలు వస్తాయి. ఇల్లు పోగొట్టుకున్న పాలస్తీనా వాళ్లది ఒకటి. ఇల్లు పోగొట్టుకున్న యూదులది ఒకటి. మిలిటెంట్లకూ గొంతు ఉంది. వాళ్లలో ఒకడు రాత్రిపూట తన బాల్యాన్ని తలచుకుంటాడు.

గొడవంతా అక్కడే. చంపినవాడికి అంత మంచి పాట ఎందుకివ్వాలి?

ఆ ఏడాది సెప్టెంబరులో బ్రూక్లిన్‌లో ఆడినప్పుడు ఆ కూతుళ్లిద్దరూ ఎవరికీ చెప్పకుండా వచ్చి చూశారు. తమ తల్లిదండ్రుల బతుకునూ, తండ్రిని కర్కశంగా చంపిన తీరునూ ఇలా వాడుకోవడం తమకు ఆగ్రహం తెప్పించిందని ప్రకటన ఇచ్చారు. విమర్శకుల్లోనూ కోపగించుకున్నవాళ్లున్నారు. క్లింగ్‌హాఫర్‌ల ఇరుగు పొరుగు లాంటి ఒక అమెరికన్ యూదు కుటుంబం ముచ్చట్లతో మొదట్లో ఒక సన్నివేశం ఉండేది. అది వెక్కిరింతలా ఉందన్న ఆక్షేపణ రావడంతో ఆడమ్స్ దాన్ని పూర్తిగా తీసేశాడు. సొమ్ము కలిపి ఈ ఒపేరా రాయించుకున్న సంస్థల్లో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్ దాన్ని ఆడనే లేదు. లాస్ ఏంజెలెస్‌లోనూ అంతే.

పదేళ్లు గడిచాయి. న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. 2001 నవంబరులో బోస్టన్ సింఫనీ ఈ ఒపేరాలోని కోరస్‌లను కచేరీలో పాడించాల్సి ఉంది. సమయం కాదంటూ రద్దు చేసింది. పాడాల్సిన బృందంలోనే ఒకరి ఇంట్లో ఆ దాడుల వల్ల చావు జరిగింది మరి. అంతవరకూ ఎవరూ పెద్దగా తప్పు పట్టే విషయం కాదు. కానీ డిసెంబరులో రిచర్డ్ టరస్కిన్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. బోస్టన్ వాళ్లు చేసింది సబబే, కళకు కూడా కొంత సంయమనం అవసరం అన్నాడు. టరస్కిన్ అంటే సంగీత చరిత్రకారుల్లో ఉద్దండుడు. ఆయన వాదం ఆషామాషీగా కొట్టి పారేసేది కాదు. ఎందుకంటే ఆయన మాటల్ని పట్టుకోలేదు, సంగీతాన్ని పట్టుకున్నాడు. బాక్ 'ప్యాషన్'లో ఏసు పలికినప్పుడల్లా తీగవాద్యాలు వెనక నుంచి వెలుగు వలయంలా కమ్ముకుంటాయి. ఆడమ్స్ ఒపేరాలో ఆ వలయం పాలస్తీనా గొంతుల చుట్టూ ఉంది, క్లింగ్‌హాఫర్‌కి చచ్చాక గానీ దక్కలేదు అన్నది ఆయన అభియోగం.

నేను దీన్ని ఒప్పుకోను. కాకపోతే ఈ ఒపేరా మీద వచ్చిన అసలైన విమర్శ ఇదేనంటాను. ఎవరి గొంతుకు ఏ వాద్యం తోడుందో చూడటం విమర్శకుడి పని, ఆయన ఆ పని చేశాడు. నా జవాబు ఒక్కటే. ఒపేరా ముగింపు ఎవరి చేతిలో ఉందో చూడండి. భర్త చావు కబురు విన్న మార్లిన్ చేతిలో. ఓడ కెప్టెన్ ఓదార్చబోతే ఆవిడ ఓదార్పు తీసుకోదు. ఇన్ని గంటలుగా చరిత్ర గురించి, దేశాల గురించి, నిర్వాసం గురించి పాడినవాళ్లందరి మాటలూ ఆ ఒక్క ఆడమనిషి దుఃఖం ముందు తేలిపోతాయి. తీర్పు అంటూ ఆ ఒపేరాలో ఉంటే అది అక్కడ ఉంది. అయితే అక్కడిదాకా ఓపిక పట్టి వినాలి. సొంత తండ్రి చావును వేదిక మీద చూస్తున్న కూతుళ్లను అంత ఓపిక పట్టమనే హక్కు మనకు లేదనుకోండి.

విచిత్రం చూడండి. బోస్టన్ వద్దనుకున్న ఏడాదిలోపే న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అదే ఆడమ్స్‌తో జంట భవనాల మృతుల కోసం ఒక రచన చేయించుకుంది. 'ఆన్ ద ట్రాన్స్‌మైగ్రేషన్ ఆఫ్ సోల్స్' 2002 సెప్టెంబరు 19న వినిపించింది. అందులో కవిత్వం లేదు. ఆప్తుల కోసం గోడలకు అంటించిన పోస్టర్లలోని మాటలు, పత్రికలో వచ్చిన జ్ఞాపకాలు, చనిపోయినవాళ్ల పేర్లు. వీధి చప్పుళ్ల మధ్య ఒక కుర్రవాడి గొంతు 'మిస్సింగ్' అన్న ఒక్క మాటనే మళ్లీ మళ్లీ అంటుంది. తిప్పిందే తిప్పుతాడని హెనహన్ వెక్కిరించాడే, ఆ పద్ధతే ఇది! చావింట్లో చెప్పిన మాటే చెప్పుకుంటూ కూర్చుంటారు కదా, అలాగే ఉంటుంది. 2003లో దానికి పులిట్జర్ ఇచ్చారు.

ఇక 2014. 'క్లింగ్‌హాఫర్'ని ఎట్టకేలకు మెట్రోపాలిటన్ ఒపేరా తలకెత్తుకుంది. మెట్ ప్రదర్శనలను ప్రపంచమంతటా సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా చూపించే ఏర్పాటు ఉంది. దీన్నీ నవంబరులో చూపించాల్సింది. జూన్‌లోనే యూదు సంస్థల ఒత్తిడితో ఆ ప్రసారాన్ని రద్దు చేశారు. జనరల్ మేనేజర్ పీటర్ గెల్బ్ చెప్పిన సమాధానం తమాషాగా ఉంది. ఈ ఒపేరాలో యూదు ద్వేషం లేదని తాను నమ్ముతున్నాడట, అయినా ప్రసారం మాత్రం ఆపేస్తున్నాడట! సెప్టెంబరు 22న సీజన్ మొదటి రోజు జనం నిరసన చేశారు. ఆ రాత్రి లోపల ఆడుతున్నది మోజార్ట్ 'ఫిగారో' పెళ్లి కథ. అసలు ఒపేరాకి ఇంకా నెల్లాళ్లుంది. అక్టోబరు 20న అది మొదలైనప్పుడు మాజీ మేయర్ రూడీ జులియానీ కూడా వీధిలో నిలబడ్డాడు. లోపల ఒకాయన, క్లింగ్‌హాఫర్ హత్యకు క్షమాపణ లేదని పదే పదే కేకలేశాడు. అరిచినవాళ్లను బయటకు పంపి ఆట సాగించారు. చివర్లో హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

మెట్ వాళ్లు ఒక మంచి పని చేశారు. ఆ కూతుళ్లు రాసిన నిరసన ప్రకటనను ప్రదర్శన పుస్తకంలో అచ్చువేశారు. హాల్లో కూర్చున్న ప్రతి మనిషి చేతిలోనూ ఒపేరా వివరాలతో పాటు, ఆ ఒపేరా వద్దన్నవాళ్ల మాట కూడా ఉంది. ఏ విమర్శకుడి సమీక్షకూ అలాంటి చోటు దొరకదు, దొరకనక్కర్లేదు కూడా. రెండూ చదువుకుని, పాట విని, ఎవరికి వాళ్లు తేల్చుకుంటారు. సినిమా హాళ్ల ప్రసారాన్ని ఆపడం మాత్రం దీనికి సరిగ్గా ఎదురు. న్యూయార్క్‌లో టిక్కెట్టు కొనగలిగినవాడికి తేల్చుకునే అవకాశం ఇచ్చి, మిగతా ప్రపంచం తరఫున ఆఫీసు గదిలో నిర్ణయం చేసేశారు. చూసి తిట్టేవాడు కూడా ఆ ఒపేరాకి ఎంతో కొంత గౌరవం ఇచ్చినట్టే. చూడనివ్వకపోతే ఎవరికి ఏం మిగిలింది?

అన్నట్టు, ఈ ఒపేరా రాసిన ఆలిస్ గుడ్‌మన్ యూదు కుటుంబంలో పెరిగిన మనిషే. రాస్తున్న కాలంలోనే క్రైస్తవం పుచ్చుకుని, తర్వాత ఇంగ్లండ్‌లో చర్చి అర్చకురాలైంది. తిట్టేవాళ్లు ఆ సంగతీ వదల్లేదు. ఆడమ్స్ తర్వాతి ఒపేరాకి మొదట ఆమే రాయాల్సింది, మధ్యలో తప్పుకుంది. దాంతో సెల్లర్స్ స్వయంగా పూనుకుని ఉత్తరాలు, ప్రభుత్వ పత్రాలు, కవితలు కత్తిరించి అతికించాడు. అదే 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన 'డాక్టర్ అటామిక్'. మొదటి అణుబాంబు పరీక్షకు ముందు గంటల్లో ఓపెన్‌హైమర్ పడ్డ యాతన. మొదటి అంకం చివర ఆయన పాడే పాటకు, ఆంగ్ల కవి జాన్ డన్ రచనకు ఆడమ్స్ కట్టిన బాణీకి, విమర్శకులంతా దాసోహమన్నారు. అతుకుల బొంత లాంటి రచన మాత్రం చాలామందికి మింగుడు పడలేదు. మొదటి కోరస్‌లో పదార్థాన్ని సృష్టించలేం, నాశనం చేయలేం అన్న అర్థంలో ఉన్న మాటలు ఫిజిక్స్ ప్రకారం తప్పని భౌతిక శాస్త్రవేత్తల నుంచే ఆక్షేపణ వచ్చింది. మాటలు మార్చారు. సంగీత విమర్శకులకు తట్టని పాయింటు! రెండో అంకంలో గీత పదకొండో అధ్యాయం, విశ్వరూప దర్శనం, బృందగానంగా వస్తుంది. బర్క్‌లీలో సంస్కృతం నేర్చుకుని గీత చదివిన ఓపెన్‌హైమర్ కథలో అది అతికించినట్టు ఉండదు. అర్జునుడి భయమే అక్కడ వినిపిస్తుంది. మనం భక్తితో చదివే చోట ఆడమ్స్ వణుకు పుట్టిస్తాడు. మూలంలోనూ ఉన్నది వణుకే కదా!

గీత దాకా వచ్చాం కాబట్టి మన పక్క రాష్ట్రానికీ వెళ్లొద్దాం. 2006 నవంబరులో వియన్నాలో మోజార్ట్ 250 ఏళ్ల వేడుకల సందర్భంగా సెల్లర్స్ నడిపిన ఉత్సవంలో ఆడమ్స్ 'ఎ ఫ్లవరింగ్ ట్రీ' వచ్చింది. కన్నడ పల్లెల్లో ఆడవాళ్లు చెప్పుకునే కథ అది. మైసూరులో పుట్టి షికాగోలో పాఠాలు చెప్పిన ఎ.కె.రామానుజన్ దాన్ని సేకరించి ఇంగ్లీషు చేశారు. పేదింటి పిల్ల. రెండు కడవల నీళ్లు, గోరు తగలకుండా పోస్తే పూలచెట్టయిపోతుంది. మళ్లీ రెండు కడవలు పోస్తే మనిషవుతుంది. ఆ పూలు అమ్మి తల్లికి సాయపడుతుంది. రాజకుమారుడు చూసి మనువాడతాడు. ఆడపడుచు వేడుక చూద్దామని బలవంతాన చెట్టుగా మార్పించి, కొమ్మలు విరిచేసి, నీళ్లు సరిగా పోయకుండా వదిలేసి పోతుంది. చెట్టూ కాక మనిషీ కాక, కాళ్లూ చేతులూ లేని మొండెంగా మిగిలిపోతుంది ఆ పిల్ల.

వియన్నాలో ముగ్గురు గాయకులు, జావా నర్తకులు, వెనిజులా నుంచి వచ్చిన కుర్రకారు వాద్యబృందం, స్పానిష్‌లో పాడే కోరస్. కన్నడ కథకు ఇన్ని దేశాల వేషమేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. సంగీతం మరీ తియ్యగా ఉందన్నవాళ్లూ ఉన్నారు. 'నిక్సన్', 'క్లింగ్‌హాఫర్' రాసిన చెయ్యి నుంచి వాళ్లు మంట కోరుకున్నారు, పూలు వచ్చాయి. నా పేచీ వేరు. జావా నాట్యం నాకేం అడ్డు రాలేదు. రామానుజన్ ఈ కథ మీద ప్రత్యేకంగా వ్యాసం రాసి, ఇది ఆడదాని కథ అని నొక్కి చెప్పారు. చెట్టుగా ఉన్నప్పుడు ఆ పిల్ల అరవలేదు, కదల్లేదు, విరిచేవాళ్లను ఆపలేదు. పూసే శక్తి ఉన్న క్షణంలోనే దిక్కులేనిది. ఆ గగుర్పాటు కథకు ప్రాణం. ఒపేరా ఆ ఘట్టం దగ్గర కరుకుగానే మారుతుంది గానీ, తర్వాత బిచ్చగాడై తిరిగే రాజకుమారుడి బాధకూ సరిసమానంగా తూకం వేస్తుంది. మోజార్ట్ 'మ్యాజిక్ ఫ్లూట్'లోలా ఇద్దరికీ పరీక్ష అన్నమాట. కథ చెప్పే మన అవ్వలైతే అంత న్యాయం చూపించేవాళ్లు కాదేమో. ఈ ఒపేరాని 2014లో పారిస్‌లోని షాట్‌లే థియేటర్‌లో మన హిందీ దర్శకుడు విశాల్ భరద్వాజ్ వేదికకెక్కించాడు.

ఆ తర్వాతి వాటి సంగతి రెండు ముక్కల్లో. 2017 నాటి 'గర్ల్స్ ఆఫ్ ద గోల్డెన్ వెస్ట్' సాగదీతగా ఉందని దాదాపు అందరూ అన్నారు. ఆడమ్స్ కత్తెర పట్టాడు. 2022లో వచ్చిన 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'కీ కత్తెర పడింది, కుదించిన రూపమే 2025లో మెట్‌కి చేరింది. డెబ్భై దాటిన పెద్దమనిషి సమీక్షలు చదివి తన పేజీలు తానే చింపుకోవడం నాకు ముచ్చటేసింది.

వినాలనిపిస్తే 'క్లింగ్‌హాఫర్'తో మొదలు పెట్టకండి, బరువు మోయలేరు. 'ఎ ఫ్లవరింగ్ ట్రీ' లండన్ సింఫనీ రికార్డింగ్ ఉంది, ఆడమ్స్ నడిపిందే. ఆ పిల్ల మొదటిసారి చెట్టయ్యే చోట లైట్లు ఆర్పేసి వినండి. ఆ తర్వాత 'నిక్సన్' మూడో అంకం. 'క్లింగ్‌హాఫర్' దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆ రెండు కోరస్‌లనూ విడదీయకుండా, ఒకదాని వెంట ఒకటి, ఒకే కూర్చోవడంలో వినండి.